మందు డబ్బాల పెద్దమ్మ

పెద్దమ్మ చనిపోయిందని మా వదిన ఫోన్ చేసేసరికి నేను సత్తెనపల్లిలో పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతున్నాను. "పొద్దున్నే పోయిందమ్మా. సాయంత్రం గుడిలో పూజ, ఆ తర్వాత మట్టి. వచ్చెయ్" అంది. ఫోన్ పెట్టేసేముందు మా వదిన "ఇప్పుడెట్టా?" అని అడిగింది.

ఎవరైనా పోతే అయ్యో అంటారు, మంచి మనిషి అంటారు. ఆ రోజు ఊళ్ళో నాకు ఎదురుపడిన ఆడవాళ్ళలో చాలామంది అడిగింది మాత్రం ఆ మాటే. ఇప్పుడెట్టా?

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు. గురజాలకు దగ్గర్లో ఉన్న మా ఊళ్ళో, ఆర్.సి.ఎం. చర్చి, మేం గుడి అనేది, ఉన్న బజారులో అందరికీ పెద్దమ్మే. ఆమె ఈడువాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. పొట్టి మనిషి. కుచ్చిళ్ళు ఎప్పుడూ కాస్త పైకి దోపి ఉండేవి, ఏ నిమిషాన ఏ బురదలో దిగాల్సి వస్తుందో అన్నట్టు. భర్త రాళ్ళ క్వారీలో పనిచేసి, ఆ దుమ్ముకే రొమ్ము పాడై, నా చిన్నప్పుడే పోయాడు. ఒక్క కూతురు మాచర్లలో కాపురం. పెద్దమ్మ మిరపకోతలకూ పత్తితీతలకూ కూలికి పోయేది. మిగిలిన పొద్దంతా గుడిది. ఊడ్చేది, పీఠం గుడ్డలు ఉతికి గంజిపెట్టేది, శనివారం సాయంత్రం బజారంతా తిరిగి ఎవరి దొడ్లో ఏ పూలు పూస్తే అవి అడిగి తెచ్చేది. ఈ పని చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వద్దనీ అనలేదు.

నడుస్తూ జపమాల చెప్పుకోవడం ఆమె అలవాటు. పెదాలు అలా కదులుతూనే ఉంటే కొత్తవాళ్ళు ఎవరినో తిట్టుకుంటోందనుకునేవాళ్ళు. నిజానికి మధ్యమధ్య తిట్టేది కూడా. "మరియమ్మా వందనం... ఒరేయ్, ఆ బండి దారికడ్డంగా పెట్టావేందిరా... ఏలినవారు మీతో ఉన్నారు" అని, ఎక్కడ ఆపిందో అక్కడే అందుకునేది. ఒకసారి ఫాదరుగారు విని నవ్వి, "దేవమాతను అట్లా దారి మధ్యలో నిలబెడితే ఎలాగమ్మా" అన్నారు.

"ఆమె కూడా ఇల్లు నడిపిన మనిషే గదా ఫాదరుగారూ, ఆమెకు తెలవదా" అంది పెద్దమ్మ.

ఎవరింటికి వెళ్ళినా లోపలికి రాదు. గడప బయట గొంతుక్కూర్చుంటుంది. కాఫీ ఇస్తే వద్దనదు, కానీ తాగేలోపల ఆ ఇంట్లోవాళ్ళ చేతిలో ఉన్న పని కొంచెం లాక్కుంటుంది. చిక్కుడుకాయలు తుంచడమో, చింతపండు గింజలు తీయడమో. చేతులు ఖాళీగా ఉంటే తనకు మాట రాదనేది. మా అమ్మ బతికి ఉన్నప్పుడు, మా ఇంట్లో ఆమె ఒలవని కందికాయ లేదేమో.

ఇదంతా ఆమె మామూలు రోజుల రూపం. నాకు గుర్తుండిపోయిన రూపం వేరు. మిరపకు నల్ల తామర పురుగు పట్టిన ఏడు మొదలైంది అది.

ఆ ఏడు పూత మీదే పురుగు వాలింది. పూవు విప్పి చూస్తే లోపల నల్లగా నలకల్లా కదులుతుండేవి. ఎన్ని రకాల మందులు కొట్టినా పూత నిలవలేదు. ఆకు ముడుచుకుపోయింది. కొందరు ట్రాక్టరు పెట్టి పచ్చని చేలను దున్నించేశారు. మా అన్న దున్నలేదు. రోజూ పొద్దున్నే చేలోకి వెళ్ళి, సాళ్ళ మధ్య నిలబడి వచ్చేవాడని మా వదిన ఫోన్లో చెప్పేది.

క్రిస్మస్ ముందు మా బజారులో ఒక మనిషి పురుగుమందు తాగి చనిపోయాడు. కౌలు రైతు. గుడిలో పాట ఎత్తుకుంటే వెనక బల్లల దాకా వినపడే గొంతు అతనిది. శవం ఇంటికి వచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. ఫాదరుగారు ఏదో సమావేశానికి గుంటూరు వెళ్ళారు, సాయంత్రానికి గానీ రారు. ఈలోపల గుడి పెద్దలు నలుగురు చేరి, ఇలా పోయినవాళ్ళను సమాధుల దొడ్లో అందరి మధ్యా పెట్టకూడదు, పూర్వం గోడ అవతల పెట్టేవాళ్ళు అని మాట్లాడుకున్నారు. ఆ మాట చనిపోయినతని భార్య చెవిన పడింది. అప్పటిదాకా ఏడుస్తున్న ఆమె ఒక్కసారిగా ఏడుపు ఆపేసింది. నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

పెద్దమ్మ లేచి తన ఇంటికి వెళ్ళి గడ్డపార తెచ్చుకుని సమాధుల దొడ్లోకి నడిచింది. అతని నాన్న సమాధి పక్కన చీర బిగించి, తవ్వడం మొదలుపెట్టింది. ఎండకు గట్టిపడ్డ నల్లరేగడి. గడ్డపార దిగడం లేదు. పెద్దల్లో ఒకాయన వెంట పరిగెత్తాడు.

"ఫాదరుగారు రానియ్యి పెద్దమ్మా. ఆయన ఎట్టా చెబితే అట్టా చేద్దాం."

"ఆయనొచ్చేసరికి గుంట అయిపోవాల."

"అతను చేసింది తప్పు గదా?"

ఆమె గడ్డపార ఆనించి నిలబడింది. ఆయాసంతో రొమ్ము ఎగిసిపడుతోంది. "తప్పేరా. మరి మనం చేసిందేంది? ఇన్ని వారాల్నించీ పూజకి రావటంలా గదా వాడు. ఎవరన్నా పొయ్యి తలుపు కొట్టారా? నువ్వు కొట్టావా? నేను కొట్టానా? వాడి గొంతు ఇనపడటంలేదేంది అని నాకనిపించింది. అనిపించి, పూలు సర్దుకుని ఇంటికి పొయ్యా."

ఆ పెద్దాయన ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. తర్వాత ఇంకొందరు వచ్చారు. ఫాదరుగారు వచ్చాక, గోడ అవతల పెట్టే రోజులు ఎప్పుడో పోయాయని, అలా పోయినవాళ్ళ కోసం కతోలిక శ్రీసభ ఇంకా ఎక్కువ ప్రార్థిస్తుందని చెప్పి, గుడిలో పూజ పెట్టి పూడ్పించారు.

తర్వాతి ఆదివారం ఆయన ప్రసంగంలో గృహనిర్వాహకుల గురించి చెప్పారు. దేవుడిచ్చిన పొలానికీ ఒంటికీ చేతిలోని పనికీ మనం యజమానులం కాదు, వాటిని చూసుకోవడానికి పెట్టిన మనుషులం అన్నారు. ఇలాంటి ప్రసంగాలు మేమందరం చాలా విన్నాం. పూజ అయ్యాక పెద్దమ్మ ఆయన గది ముందుకు వెళ్ళి నిలబడింది. నేను అక్కడే ఉన్నాను, మా అన్న ఇంటికి వచ్చి వెళ్ళమని ఆయన్ని అడుగుదామని.

"ఫాదరుగారూ, చూసుకునే మనుషులం అన్నారు గదా. పక్కింటోడు కూడా అందులోకి వస్తాడా?"

"వస్తాడమ్మా. ముందు వచ్చేదే అతను."

"అయితే గుడి ఎనక గది తాళం ఇప్పించండి."

ఆ గదిలో క్రిస్మస్ పశువుల పాక బొమ్మలు ఉంటాయి. ఎందుకని ఆయన అడిగితే చెప్పింది. ఇంటింటికీ తిరిగి పురుగుమందు డబ్బాలు తెచ్చి అందులో పెడుతుందట. పొద్దున చేలోకి పోయేటప్పుడు ఎవరిది వాళ్ళు పట్టుకుపోవాలి. సాయంత్రం మళ్ళీ ఇచ్చెయ్యాలి. ఇంట్లో మాత్రం ఉండకూడదు.

ఫాదరుగారు గది వైపు చూశారు. "గుడిలో విషం పెడతావా అమ్మా?"

"ఇళ్ళల్లో ఉండొచ్చా మరి?" అంది.

తాళం ఇచ్చారు.

మొదట అందరూ నవ్వారు. "పెద్దమ్మ మందుల కొట్టు పెట్టింది" అన్నారు. కొందరికి కోపం కూడా వచ్చింది. మా ఇంట్లో అలాంటిదేం లేదు, మేమేమన్నా చావబోతున్నామా, మా గడప తొక్కొద్దు అని తిట్టి పంపారు. ఆమె మర్నాడు మళ్ళీ వెళ్ళేది. ఏదీ అడక్కుండా గడప ముందు కూర్చుని చింతపండు గింజలు తీసి వచ్చేది. ఆ మర్నాడు మళ్ళీ. ముందుగా లొంగింది ఆడవాళ్ళు. రాత్రిళ్ళు నిద్రపట్టక, మగవాళ్ళ ఊపిరి వింటూ పడుకునే ఆడవాళ్ళు. వాళ్ళు కొంగు చాటున తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఎవరి డబ్బా ఏదో తెలియడానికి పెద్దమ్మ పండగ అలంకారంలో మిగిలిన రంగు రిబ్బన్లు కట్టేది. గదిలో ఒంటెల పక్కన, గొర్రెల కాపరుల కాళ్ళ దగ్గర, మెడకు రిబ్బన్లతో ఆ డబ్బాలు. ఎంత గట్టిగా మూత పెట్టినా వాసన ఆగేది కాదు. పూజలో సాంబ్రాణి పొగలోంచి కూడా ఆ వాసన ముక్కుకు తగిలేది. అందరికీ తెలుసు అదేమిటో.

ఆ జనవరిలో మా అన్న మాట్లాడటం మానేశాడు. కోపం కాదు, అలక కాదు. అడిగితే తల ఊపేవాడు. పెట్టిన అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచిపోయేవాడు. నేను బడికి సెలవు పెట్టి వెళ్ళాను. వెళ్ళిన సాయంత్రమే పెద్దమ్మ వచ్చి గడప ముందు కూర్చుంది. అప్పటికే చాలా రోజులుగా వస్తోందట. మా అన్న ఎప్పుడూ లోపలే ఉండిపోయేవాడు. ఆ రోజు మాత్రం బయటికి వచ్చాడు.

"పెద్దమ్మా, పో. నా చేను, నా మందు. నీకెందుకియ్యాల నేను? నువ్వెవరివి?"

మా వదిన తలుపు పట్టుకుని నిలబడింది. అన్న అంత గట్టిగా మాట్లాడి వారాలైంది. పెద్దమ్మ చేతిలో కందికాయ కింద పెట్టలేదు.

"నేనెవరినీ కాదు నాయనా. నాకు భయంగా ఉంది. ఇంటికి పోతే అన్నం తినబుద్ధి కావటంలా. నీ కోసం అడగటంలేదురా. నా కోసం ఇయ్యి."

"ఇస్తే ఏమైద్ది? దొరకవా బయట?"

"దొరుకుతయ్. నేనేం ఆపగలను? కాకపోతే కొట్టు దాకా నడవాలిగదా. నడిచేటప్పుడు ఎవురన్నా ఎదురొస్తారేమో. నేనే ఎదురొస్తానేమో."

మా అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మా నాన్న పోయినప్పుడు కూడా వాడు ఏడవలేదు. పెద్దమ్మ వాడి దగ్గరికి వెళ్ళలేదు, ఊరుకో అనలేదు. కందులు ఒలుస్తూనే ఉంది. చాలాసేపటికి వాడు లేచి, గొడ్లసావిట్లోకి వెళ్ళి, గడ్డిమోపుల వెనకనుంచి ఒక డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అది అక్కడ ఉందని మా వదినకు తెలియదు. మర్నాడు నేనూ ఫాదరుగారూ కలిసి వాణ్ణి నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. మందులు వాడాడు. నెమ్మదిగా మనిషయ్యాడు. ఇప్పుడు ఉన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే పెద్దమ్మ కథ బాగుండేది.

ఫిబ్రవరిలో, బజారు చివర ఉండే ఒక రైతు తన డబ్బా కోసం పొద్దున్నే గుడికి వచ్చాడు. ముప్పయి దాటని మనిషి. మందు కొట్టే పంపు వీపున ఉంది. మామూలుగా పలకరించాడు. పెద్దమ్మ గది తెరిచి, ఆకుపచ్చ రిబ్బను కట్టిన డబ్బా వెతికి అతని చేతికిచ్చింది. ఎండ ఎక్కేలోపల పని ముగించుకోమని కూడా చెప్పింది. అతను చేలోకి వెళ్ళాడు. మధ్యాహ్నం పక్క చేలో కలుపు తీసేవాళ్ళు చూసేసరికి అంతా అయిపోయింది.

ఆ సాయంత్రం అతని తల్లి జుట్టు విరబోసుకుని గుడి ముందుకు వచ్చింది. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమెకు అప్పటికే తెలుసు.

"నీ చేత్తో ఇచ్చావే! మా ఇంట్లోంచి తీసుకుపోయి దాచిపెట్టి, నీ చేత్తో తీసి వాడి చేతిలో పెట్టావే! నా కొడుకుని నువ్వు సాగనంపావే!"

జనం మూగారు. ఫాదరుగారు వచ్చి ఆ తల్లిని పట్టుకోబోతే ఆయన్ని విదిలించింది. పెద్దమ్మ తల ఎత్తలేదు. "అవునమ్మా" అంది. "నేనే ఇచ్చా." చివరికి ఆ తల్లి అక్కడే మెట్ల మీద కూలబడితే, ఇద్దరూ ఒకరికి కాస్త దూరంగా ఒకరు, ఒకే మెట్టు మీద, చీకటి పడేదాకా అలా ఉన్నారని మా వదిన చెప్పింది.

పెద్దమ్మ తాళం ఫాదరుగారి బల్ల మీద పెట్టి వచ్చేసింది. పూజకు రావడం మానేసింది. పీఠం మీద పూలు లేవు. గది మూతపడింది, డబ్బాలు మళ్ళీ ఇళ్ళకు చేరాయి. ఆయన రెండుమూడుసార్లు ఇంటికి వెళ్ళి, నీ తప్పేం లేదమ్మా అని చెప్పారు. "తప్పని ఎవురన్నారు ఫాదరుగారూ," అందట. "వాడి చెయ్యి నా చేతికి తగిలింది. చల్లగా ఉంది. పొద్దున్నే గదా, మంచుకేమో అనుకున్నా."

ఆమెను మళ్ళీ బయటికి తెచ్చింది ఊరి భయమే. ఒక పొద్దున, మొదట్లో చనిపోయిన కౌలు రైతు భార్య ఆమె ఇంటికి వెళ్ళింది. తన తమ్ముడి తీరు బాగాలేదని, తనకు ఇంకెవరి దగ్గరికి పోవాలో తెలియడం లేదని చెప్పింది. పెద్దమ్మ లేచి ముఖం కడుక్కుని, గది తాళం మళ్ళీ తెచ్చుకుందట.

అప్పటినుంచి పద్ధతి మార్చింది. డబ్బా ఇచ్చి ఊరుకోలేదు. తనకు ఎవరిమీద భయం ఉంటే వాళ్ళ వెంట చేలోకి వెళ్ళేది. వాళ్ళు మందు కొడుతున్నంతసేపూ, ముక్కుకు కొంగు చుట్టుకుని, గట్టు మీద కూర్చునేది. పని అయ్యాక డబ్బా తానే మోసుకుని వెనక్కి తెచ్చేది. కూలికి పోవడం దాదాపు మానేసింది. మా అన్న చేలో గట్టు మీద కూడా అలా చాలాసార్లు కూర్చుంది. వాడికి మొదట సిగ్గేసేదట. తర్వాత ఆమె రాకపోతే పంపు ఎత్తుకోబుద్ధయ్యేది కాదట. గాలి ఎటు వీస్తే అటు మందు తుంపర ఆమె మీద పడేది. "అవతలికి పోయి కూర్చో పెద్దమ్మా" అంటే, "అవతలికి పోతే నీ మొహం కనపడదు" అనేది.

ఒక్క మనిషికి అన్ని చేల గట్ల మీదా కూర్చోవడం కుదరదు. ఆ సంగతి అందరికంటే ఆమెకే తెలుసు. ఆ తర్వాత కూడా మా ఊరి చుట్టుపక్కల మనుషులు పోయారు. ప్రతిసారీ ఆమె వెళ్ళి, ఆ ఇంటి గడప బయట కూర్చుని, ఆ ఇంటివాళ్ళు ఏమన్నా వినేది. కొందరు అనేవాళ్ళు కూడా.

ఈ మధ్య రెండేళ్ళుగా ఆమెకు ఆయాసం ముదిరింది. నాలుగడుగులు వేస్తే నిలబడిపోయేది. గట్ల మీద కూర్చోవడం వల్లేనా అని డాక్టర్ని అడిగితే, చెప్పలేమన్నాడు. మాచర్ల నుంచి కూతురు వచ్చి తీసుకుపోతానంటే కదల్లేదు. పోయిన నెలలో నేను చూడబోయాను. మంచానికి తలగడలు ఎత్తుపెట్టి కూర్చోబెట్టారు. ఆ పొద్దున్నే ఫాదరుగారు వచ్చి, జబ్బుపడ్డవాళ్ళకు నూనె రాసి ప్రార్థించే అభ్యంగనం ఇచ్చి వెళ్ళారట. నుదుటి మీద నూనె మెరుస్తోంది. నన్ను చూడగానే అన్న ఎలా ఉన్నాడని అడిగింది. బాగున్నాడన్నాను.

"తింటన్నాడా?"

"తింటున్నాడు పెద్దమ్మా. నీ వల్లే వాడు..."

చెయ్యి ఎత్తి ఆపింది. "ఆ మాట అనబాకమ్మాయ్. అందరూ వచ్చి అదే అంటన్నారు. ఆ ఆకుపచ్చ రిబ్బనోడి తల్లి ఎదురుగా ఉంటే అంటారా?"

ఆమె కళ్ళు మూసుకుని కాసేపు ఊపిరి కూడదీసుకుంది. తర్వాత అంది, "దేవుడి ముందుకు పోతే అడుగుతాడు గదా, నీకు అప్పజెప్పినోళ్ళేరీ అని. ఎంతమందిని చూపిస్తానే? చానామంది లేరు." ఆ మాటలో ఏడుపు లేదు. సంచి తెరిచి, సరుకులు తగ్గాయని చూసుకున్న మనిషి గొంతులా ఉంది. దేవుడు దయగలవాడు పెద్దమ్మా అనబోయి ఊరుకున్నాను. ఆమెకు ఆ మాట నాకంటే బాగా తెలుసు. అయినా ఆమె భయం పోలేదు. నేను తిరిగి వచ్చేదాకా నా చెయ్యి వదలలేదు.

మట్టి అయిన తర్వాతి ఆదివారం కూడా నేను ఊళ్ళోనే ఉన్నాను. ఈసారి మిరపకు బొబ్బర తెగులు. చేలు మళ్ళీ పసుపుగా ముడుచుకుపోతున్నాయి. ప్రసంగం చివర ఫాదరుగారు, గది తాళం తన దగ్గర ఉందని, ఆ పని ఎవరు తీసుకుంటారని అడిగారు. ఆగారు. మగవాళ్ళ వైపు చూశారు, ఆడవాళ్ళ వైపు చూశారు. అందరూ కిందికి చూస్తున్నారు. నేనూ కిందికే చూశాను. మా అన్న పెదవి కొరుకుతూ నేల చూస్తున్నాడు. ఎవరూ లేవలేదు. ఆయన విశ్వాస సంగ్రహం ప్రార్థన మొదలుపెట్టారు.

నిన్న సాయంత్రం వదిన ఫోన్ చేసింది.

"ఫాదరుగారి దగ్గరికి పొయ్యి తాళం తెచ్చుకున్నానమ్మా. ఇంకో ఇద్దరు ఆడోళ్ళు కలిశారు. ఇంటింటికీ తిరుగుతన్నాం."

"ఇస్తున్నారా?"

"యాడ? రెండిళ్ళలో ఇచ్చారు. మిగతావాళ్ళు మొహాన తలుపేస్తన్నారు. ఇవాళ ఒకింట్లో ఆయన మా మీదికి కుక్కని ఇడిశాడు."

"మరి?"

వదిన అంది:

"ఆ ఇంటికే రేపు మళ్ళీ పోతా. ఆమెలాగా నాకు చేతకాదమ్మా. పోకుండా ఉండటం కూడా చేతకావటంలా."